పిల్లి అడుగుల పాఠం

నా దగ్గర నాలుగేళ్ళు పనిచేసి, నా పద్ధతులన్నీ వంటబట్టించుకుని, పోతూ పోతూ నా క్లయింట్లను కూడా వెంటబెట్టుకుపోయిన షెర్లిన్, పంజాగుట్టలో ఏసీ డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన రోజు నుంచీ నాకు కడుపులో మంట. డాక్టరు గ్యాస్ అన్నాడు. మాత్రలు రాశాడు. అది గ్యాస్ కాదని నాకు తెలుసు.

ఆ శనివారం ఆ మంట గొంతుదాకా వచ్చింది. కారణం, బోరబండ నుంచి వచ్చిన రాజనర్సయ్య అనే సెంట్రింగ్ మేస్త్రీ. నా ఎదురుగా కూర్చుని తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, "ముందుగాల షెర్లిన్ మేడం ఆఫీసుకే పోయిన సార్. మా పిలగాన్ని పట్టిచ్చింది ఆమెనే అని ఆడ చెప్పిన్రు. ఇంగ మీ తానికి వచ్చిన," అన్నాడు.

"అంటే అక్కడ కుదరక బుల్లబ్బాయి గుర్తొచ్చాడన్నమాట."

"గట్ల కాదు సార్," అన్నాడు గానీ, అట్లానే.

కేసు ఇదీ. అమీర్‌పేటలో 'కేదార్ స్పోకెన్ ఇంగ్లిష్' అని ఒక ఇన్‌స్టిట్యూట్ ఉంది. యజమాని కేదార్. అక్కడ పాఠాలు చెప్పడంలో పేరు మాత్రం అతని భార్య సుమశ్రీది. నిన్న పొద్దున క్లాసు నడుస్తుండగానే ఆవిడ గొంతు బొంగురుపోయింది. తర్వాత నాలుక మొద్దుబారి మాట ముద్ద ముద్దగా వచ్చింది. చివరికి ఊపిరాడక బోర్డు ముందే పడిపోయింది. గొంతు కోసం ఆవిడ రోజూ తాగే మిరియాల కషాయంలో ఎవరో ఏదో కలిపారని ఆస్పత్రిలో తేల్చారు. ప్రాణం దక్కింది. మాట ఇంకా రాలేదు. కేదార్ వెంటనే షెర్లిన్‌ని పెట్టుకున్నాడు, ఆవిడ సాయంత్రానికల్లా దుర్గేష్ అనే స్టూడెంటును తీసుకెళ్ళి స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టింది. ఆ దుర్గేష్ ఈ రాజనర్సయ్య కొడుకు.

"సోమారం పిలగానికి కాల్ సెంటర్ల జాయినింగ్ ఉంది సార్, మాదాపూర్ల. మా ఖాందాన్‌ల షర్టు టక్ చేస్కొని నౌకరికి పోయేటోడు వీడొక్కడే. కేసు రాసిన్రంటే గా కంపినోళ్ళు లోపటికి రానియ్యరంట. ఇయ్యాల ఆరింటికి రాస్తనని ఎస్సై సార్ చెప్పిండు."

కుర్రాడి మీద నాకు జాలి కలిగింది. అయితే అంతకంటే ఒక క్షణం ముందు, షెర్లిన్ పొరబడి ఉంటే ఎంత బాగుంటుందో అన్న ఆశ కలిగింది. రెండూ కలిపి చొక్కా జేబులో వేసుకుని స్టేషన్‌కి బయలుదేరాను.

ఎస్సై మర్యాదస్థుడు. కుర్రాడికి టీ ఇప్పించి, మాట్లాడుకోమని పక్కకి వెళ్ళాడు. దుర్గేష్ బక్కపల్చటి మనిషి. ఒక రాత్రంతా బెంచీ మీద గడిపినా చొక్కా చేతుల మడత నలగకుండా చూసుకున్నాడు.

"క్లాసులో ఏం జరిగిందో చెప్పు."

"ఫ్రేజల్ వర్బ్స్ సార్."

"నా ఇంగ్లిష్ అంతంతమాత్రం. విడమరిచి చెప్పు."

"దొంగతనంగ నడిసే మాటలు సార్. ఇంగ్లిష్‌ల గవి మస్తుగుంటయి. మేడం ఊకె మీనింగ్ రాపియ్యదు, యాక్షన్ చేపిస్తది. ఒకలు నోరు మూస్కొని నడిసి చూపియ్యాలె, క్లాసంత గా మాట ఏందో ఒర్రాలె. 'స్లిప్ అవుట్' అంటే ఎవ్వలికి ఎర్కలేకుండ సల్లగ జారుకునుడు. 'స్నీక్ ఇన్' అంటే నక్కి నక్కి లోపటికి వచ్చుడు. 'స్లింక్ ఆఫ్' అంటే ఇజ్జత్ పోయి తల దించుకొని పోవుడు. గిసుంటివి. నాకు మొదటి రెండు వచ్చినయి. వెనక డోర్‌లకెళ్ళి స్లిప్ అవుట్ గావాలె, మళ్ళ గదే డోర్‌లకెళ్ళి స్నీక్ ఇన్ గావాలె."

"అంటే క్లాసంతా చూస్తుండగా దొంగలా బయటికి పోయావు."

"గట్లనే పోవాలె గద సార్. మస్తు చప్పట్లు కొట్టిన్రు."

"మరి దొంగలా లోపలికి వచ్చావా?"

టీ గ్లాసు కింద పెట్టాడు. "రాలే," అన్నాడు.

"ఎక్కడికి పోయావు?"

"బాత్రూంకి అని షెర్లిన్ మేడంకి చెప్పిన."

"నాకేం చెప్తావు?"

వాడి చెవులు ఎర్రబడ్డాయి. "పక్క ఇన్‌స్టిట్యూట్ల యాక్సెంట్ డెమో ఉండె సార్. ఫ్రీ. అమెరికోళ్ళ లెక్క మాట్లాడుడు. సోమారం జాయినింగ్ గద, జర ఇనొస్త అని పోయిన. వచ్చేటాల్లకు మేడం కింద పడి ఉంది."

"ఈ ముక్క నిన్ననే చెప్పి ఉండొచ్చుగా?"

"ఎట్ల జెప్పాలె సార్? నా ఇంగ్లిష్ ఇని అందరు నవ్వుతుంటే, క్లాసయినంక ఒక్కన్ని కూసోబెట్టి నేర్పింది ఆమె. గసుంటి మేడంని ఇడిసిపెట్టి పక్క డెమోకి పోయిన అంటే ఆమె ఏమనుకుంటది? మేడంకి మాట వచ్చినంక నేనే జెప్పుకుంట."

నౌకరీ పోయినా ఫరవాలేదు గానీ మేడం నొచ్చుకోకూడదు. పక్క కొట్లో ఉచిత డెమో విన్నందుకు ఇంత సిగ్గుపడేవాడు అమీర్‌పేటలో తప్ప ఎక్కడా దొరకడు. వాడు చెప్పింది నిజమని నాకు అక్కడే నమ్మకం కుదిరింది. కానీ నా నమ్మకంతో ఎస్సైకి పనిలేదు. పక్క ఇన్‌స్టిట్యూట్‌కి పోయే వరండాలోనే కేదార్ వాళ్ళ స్టాఫ్ రూము ఉంది. కషాయం ఫ్లాస్కు ఆ స్టాఫ్ రూములోనే ఉందని షెర్లిన్ రిపోర్టు ఇచ్చింది. దుర్గేష్ పోతూ పోతూ అందులో ఏదో కలిపి పోయాడన్నది ఆవిడ లెక్క. దొంగలా బయటికి పోవడం నలభైమంది చూశారు, తిరిగి రాలేదు, అడిగితే బాత్రూం అని అబద్ధం చెప్పాడు. నేనైనా వాడినే పట్టుకుని ఉండేవాణ్ణి. ఈ మాట షెర్లిన్‌తో మాత్రం చచ్చినా అనను.

ఇన్‌స్టిట్యూట్ మూడో అంతస్తులో. ఆ రోజు సెలవిచ్చారు. కేదార్ తన క్యాబిన్లో ఉన్నాడు. టై బిగించుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని, బల్ల మీద కొత్త స్టీలు ఫ్లాస్కు మూత బిగిస్తున్నాడు.

"సుమకండి," అన్నాడు, నేను దానివంక చూడటం గమనించి. "కొంచెం కొంచెంగా మింగగలుగుతోంది. ఇదివరకు తనే కాచుకునేది, ఇప్పుడు నేను కాస్తున్నాను. మీరు ఆ దుర్గేష్ తరఫునా? షెర్లిన్ గారు తేల్చేశారు కదండీ."

"తేల్చినదాన్నే ఇంకోసారి తేల్చి చూడటం నాకు అలవాటండి. నిన్న ఫ్లాస్కు ఎక్కడుంది?"

"స్టాఫ్ రూములో. ఎప్పుడూ అక్కడే పెట్టుకుంటుంది. క్లాసు మధ్యలో వచ్చి ఓ గుక్క తాగి వెళ్తుంది."

"మీరెక్కడున్నారు?"

"ఇక్కడే. అడ్మిషన్లు చూసుకుంటూ."

"ఆ కుర్రాడికి ఆవిడ మీద అంత కక్షేమిటంటారు?"

"వన్ సైడ్ లవ్ అండి. వాడొక్కడేనా, ఈ బ్యాచ్‌లో ప్రతివాడికీ మేడం, మేడం, మేడం..." అని చప్పున ఆగిపోయి టై సవరించుకున్నాడు.

అతని వెనక గోడకి ఇన్‌స్టిట్యూట్ పోస్టర్లు వరసగా అంటించి ఉన్నాయి. అన్నిటికంటే పాతదాంట్లో కేదార్ ఒక్కడే, చేతులు కట్టుకుని. తర్వాతదాంట్లో మొగుడూ పెళ్ళాలిద్దరూ పక్కపక్కన. చివరిదాంట్లో సుమశ్రీ నిండుగా నవ్వుతోంది. కేదార్ కింది మూలన తపాలా బిళ్ళంత ఉన్నాడు.

ఫోన్ మోగింది. అతను గొంతు సవరించుకుని తీశాడు. "కేదార్ స్పోకెన్ ఇంగ్లిష్... మేడం బ్యాచ్ ఇప్పట్లో లేదండి, ఆరోగ్యం బాలేదు. కేదార్ సార్ బ్యాచ్‌లో సీట్లున్నాయి... కేదార్ అంటే నేనేనండి... హలో? హలో?" రిసీవర్‌ని రెండు చేతులతో నెమ్మదిగా కింద పెట్టాడు.

అప్పుడు అతని మొహంలో కనిపించింది నాకు బాగా పరిచయమే. పొద్దున్నే గడ్డం గీసుకుంటూ అద్దంలో చూస్తుంటాను. నా ఆఫీసుకి ఫోన్ చేసేవాళ్ళలో సగంమంది, షెర్లిన్ గారి కొత్త నంబరు ఉందాండీ అనే అడుగుతారు. నేను చెప్తాను కూడా, ఒక అంకె మార్చి. కాబట్టి కేదార్ మీద నాకు ఒక్క నిమిషం సానుభూతి కలిగింది. ఆ వెంటనే చిన్న అనుమానం కూడా కలిగింది.

తాళంచెవి ఇచ్చాడు. ముందు స్టాఫ్ రూములోకి తొంగిచూశాను. పూల ప్లాస్టిక్ గుడ్డ పరిచిన బల్ల, దాని మీద ఒక్క మరక లేదు. తర్వాత క్లాసురూము తెరిచాను. పొడుగ్గా ఉంది. వెనక వరండాలోకి ఒక తలుపు, ముందు బోర్డు పక్కన ఇంకో తలుపు. ఆ ముందు తలుపు తీస్తే కేదార్ క్యాబిన్ నాలుగడుగులు. బోర్డు మీద సుమశ్రీ గుండ్రటి అక్షరాలు ఇంకా అలాగే ఉన్నాయి. దొంగలా రావడం, జారుకోవడం, పొంచి పొంచి మీద పడటం. ఒక జాతి అంతా కూర్చుని ఇన్ని రకాల దొంగ నడకలకి పేర్లు పెట్టుకుందంటే వాళ్ళని తక్కువ అంచనా వేయకూడదు.

బోర్డు ముందు టేకు చెక్క బల్ల. దాని కుడి మూలన గోధుమరంగు వలయాలు, ఒకదాని మీద ఒకటి. పాతవి చెక్కలోకి ఇంకిపోయాయి, పైది కొంచెం జిడ్డుగా ఉంది. వంగి వాసన చూశాను. మిరియాలు, అతిమధురం. వేడి కప్పు రోజూ అదే చోట పెడితే తప్ప అలాంటి మరకలు పడవు. ఫ్లాస్కు ఉండేది స్టాఫ్ రూములో కాదు, ఈ బల్ల మీద. దుర్గేష్ వెనక తలుపు నుంచి పోయినవాడు. ఈ మూలకి రావాలంటే నలభైమంది కళ్ళముందు క్లాసంతా దాటి రావాలి.

అయితే ఫ్లాస్కు స్టాఫ్ రూములో ఉందని చెప్పిందెవరు? కేదార్ ఒక్కడే.

వరండాలో హైహీల్స్ టకటకా వినిపించాయి. ఆ నడక నాకు తెలుసు. అలా నడవకే, దొంగలు పారిపోతారు అని నాలుగేళ్ళు చెప్పాను. నేనేం ఆలోచించలేదు. బల్ల కుడి మూలన, సరిగ్గా ఆ మరకల మీద, ఎక్కి కూర్చున్నాను.

"సార్, మీరా?" అంది షెర్లిన్ గుమ్మంలోంచి. గంట కొట్టినట్టుండే గొంతు ఆ పిల్లది. ఫోన్‌లో ఆ గొంతు విని సగం కేసులు వచ్చేవి. "మా క్లయింటు ఒప్పుకున్నారా మీరు రావడానికి?"

"తాళంచెవి ఇచ్చాడు. నీకివ్వలేదా?"

"నేను స్టాఫ్ రూము చూశాను కదా. జరిగింది అక్కడ."

"ఇక్కడికి రాలేదన్నమాట."

"ఇక్కడేముంది సార్, కుర్చీలు తప్ప?" అంటూనే లోపలికి వచ్చి నాలుగు గోడలూ చూసింది. తర్వాత నా చుట్టూ చూసింది. "మీరే చెప్పేవారు, ఏ గదికి వెళ్ళినా ముందు బల్ల చూడు, తర్వాత మనుషుల్ని చూడు అని. ఒక్కసారి లేస్తారా?"

"మోకాళ్ళ నొప్పి. ఇప్పుడే కూర్చున్నాను."

"అయ్యో, ఎప్పట్నుంచి?"

"నువ్వెళ్ళినప్పట్నుంచి."

నవ్వాలో వద్దో తెలియక ఆగింది. ఇంకెవరైనా అయితే పక్కకి జరగమని గట్టిగా అనేదే. నా దగ్గర అనలేకపోయింది. అది నాకు తెలుసు, తెలిసే కూర్చున్నాను.

"ఆఫీసు ఓపెనింగ్‌కి రమ్మని కార్డిచ్చాను. రాలేదు మీరు."

"నాకు ఏసీ పడదు."

"సార్, నేను పోటీకి పెట్టలేదు. పంజాగుట్టలో నాలుగు ఏజెన్సీలున్నాయి, ఇంకోటి ఉంటే..."

"ఆ నాలుగింటికీ నేను పని నేర్పలేదులే." మాట కొంచెం ఎక్కువే ఘాటుగా వచ్చింది. దాన్ని అక్కడితో ఆపి ఉండొచ్చు. "నిన్న పొద్దున నీ క్లయింటు ఎక్కడున్నాడు?"

"క్యాబిన్లో."

"నువ్వడిగావా? అతనే చెప్పాడా?"

ఆ పిల్ల మొహం మీద చిన్న నీడ కదిలింది. "ఆయనే చెప్పారు."

"నా దగ్గరున్నప్పుడు అడిగేదానివి. ఫీజిచ్చేవాణ్ణి ముందు అడగాలని మరిచిపోయావా, ఏసీలో కూర్చుని?"

షెర్లిన్‌కి కోపం వస్తే గొంతు పెంచదు, హ్యాండ్‌బ్యాగు పట్టీ సరిచేసుకుంటుంది. ఆ పని చేసింది. "సరే సార్. ఇప్పుడే అడుగుతాను. ఆయన ఆస్పత్రికి బయలుదేరుతున్నారు, నేనూ ఆ కార్లోనే వెళ్తున్నాను. నిన్న పొద్దున ప్రతి నిమిషం ఎక్కడున్నారో అడుగుతాను. చాలా?"

"అడుగు, అడుగు."

ఆవిడ వెళ్ళాక కిటికీలోంచి చూశాను. కేదార్ ఒక చేత్తో ఫ్లాస్కు పట్టుకుని, రెండో చేత్తో షెర్లిన్ కోసం కారు తలుపు తెరిచాడు. అతను అబద్ధాలకోరని నా దగ్గర రుజువుంది, ఆవిడ దగ్గర లేదు. నాకు ఆ క్షణం చాలా తృప్తిగా అనిపించింది. కడుపులో మంట కూడా తగ్గింది.

ఇక నాకు కావలసింది క్లాసులో ముందు వరసలో కూర్చున్న మనిషి. సెలవిస్తే ఈ బ్యాచ్ ఎక్కడుంటుంది? ఇళ్ళకి పోదు. అమీర్‌పేటలో ఒక క్లాసు పోతే ఆ టైముకి ఇంకెక్కడో ఉచిత డెమో నడుస్తుంటుంది. రోడ్డు దాటి ఎదురు బిల్డింగ్ ఎక్కాను. అనుకున్నట్టే, కంప్యూటర్ కోర్సు డెమోలో సుమశ్రీ బ్యాచ్ సగం కొలువుదీరి ఉంది. వాళ్ళలో నవోమి అనే అమ్మాయి ముందు వరస మనిషి. మెట్ల దగ్గరికి పిలిచి అడిగాను.

"ఫ్లాస్కా? బల్ల మీదనే పెడ్తది సార్ మేడం, రైట్ సైడ్ కార్నర్‌ల. ఒక్కో వర్బ్ అయినంక ఒక్కో సిప్ తాగుతది. ఫస్ట్ బెంచ్ కద, మాకు మిరియాల వాసన వస్తనే ఉంటది."

"స్టాఫ్ రూములో పెట్టదా?"

"ఎన్నడు పెట్టలే."

"నిన్న దుర్గేష్ బల్ల దగ్గరికి వచ్చాడా?"

"వాడు లాస్ట్ బెంచ్ సార్. అటు నుంచి అటే జారుకుండు. మళ్ళ దొంగలెక్క వస్తడని అందరం వెనక్కి తిరిగి డోర్‌నే చూస్తున్నం. మేడం సుత అటే చూస్తుంది. వాడు ఎంతకూ రాలే. ఇగ రాడని ఇటు తిరిగేసరికి," అంటూ నవోమికి నవ్వొచ్చింది, "సార్ యాక్షన్ చేస్తుండు."

"ఏ సార్?"

"కేదార్ సార్."

"ఏం యాక్షన్?"

ఆ పిల్ల మెట్ల మీద లేచి నిలబడి చేసి చూపించింది. నడుం వంచింది. ఒక చేతి వేలు పెదాల మీద పెట్టుకుంది. రెండో చెయ్యి ముందుకి చాచి, చప్పుడు కాకుండా నా వెనక్కి వచ్చింది. "గిట్ల. మేడం వెనకాల, బల్ల పక్కనే. మేడంకి తెల్వదు. క్లాసంత ఒక్కసారే 'క్రీప్ అప్ ఆన్' అని ఒర్రినం. పిల్లి లెక్క వెనకకెళ్ళి వచ్చి మీద పడుడు అన్నట్టు. మేడం ఉలిక్కిపడి నవ్వింది. మస్తు చప్పట్లు కొట్టినం."

నాకు నవ్వు రాలేదు. "కేదార్ తరచు క్లాసుకి వస్తాడా?"

"లేదు సార్. మేడం క్లాసంటే ఆయనకి పడదు. నిన్ననే ఫస్ట్ టైం. వచ్చే నెల నుంచి మేడం సొంతంగ పెడుతుంది కద, మేమంత అటే పోదామనుకున్నం. సార్ కోపం పోయినట్టుంది అని ఖుష్ అయినం. మేడం అయితే కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఒక సిప్ తాగి, ఇయ్యాల మిరియాలు ఎక్కువైనయి అని నవ్వింది."

"ఈ సంగతి షెర్లిన్ మేడంకి ఎందుకు చెప్పలేదు?"

"ఆమె ఫోన్ చేసి, క్లాస్ మధ్యల ఎవరు బయటికి పోయిన్రని అడిగింది. దుర్గేష్ అన్నం. సార్ ఎటూ పోలే కద."

నిజమే. సార్ ఎటూ పోలేదు. బయటికి పోయినవాణ్ణి క్లాసంతా గుర్తుపెట్టుకుంది, లోపలికి వచ్చినవాడికి చప్పట్లు కొట్టింది. ప్రతి బ్యాచ్‌లో ఈ పాఠం వస్తుంది, ప్రతిసారీ అందరి తలలూ వెనక తలుపు వైపు తిరుగుతాయి. గోడ అవతల కూర్చుని ఏళ్ళ తరబడి ఆ కేకలు, ఆ చప్పట్లు వింటూ ఉన్నవాడికి ఆ క్షణం ఎప్పుడొస్తుందో తెలుసు. దుర్గేష్ డెమోకి పోయి అతనికి ఇంకాస్త వ్యవధి ఇచ్చాడు. పని ముగించేసరికి పిల్లలు ఇటు తిరిగారు. అతను వేలు పెదాల మీద పెట్టుకుని, దొరికిపోవడాన్నే పాఠంగా మార్చేశాడు. పెళ్ళాం క్లాసులో మొదటిసారి తనకి చప్పట్లు పడ్డాయి. ఆ కాసేపూ అతనికి ఎలా ఉండి ఉంటుందో నేను ఊహించగలను. ఊహించగలిగినందుకు నాకు సంతోషంగా లేదు.

ఎస్సైకి ఫోన్ చేసి అంతా చెప్పాను. నవోమితో కూడా మాట్లాడించాను. ఆయన రెండు మూడు ప్రశ్నలు అడిగి, "ఫ్లాస్కు క్లాసులో ఉందంటే ఈ కుర్రాడి మీద రాయడానికి ఏమీ లేదు. వీణ్ణి పంపించేస్తాను. కేదార్ ఆస్పత్రికే వస్తాడుగా, కానిస్టేబుల్‌ని అక్కడ పెడతాను," అన్నాడు. పక్కనుంచి రాజనర్సయ్య గొంతు వినిపించింది. "పొద్దుగాల్నుంచి ఏం తినలే సార్ మావోడు. జర అన్నం తినిపిచ్చి తోల్కపోత," అంటున్నాడు.

దుర్గేష్ సోమవారం మాదాపూర్ వెళ్తాడు. ఆరు కాకముందే పని అయిపోయింది. అక్కడితో నేను ఇంటికి పోయి పడుకోవాల్సింది. కానీ పొద్దున్నుంచి ఎవరి కోసం ఇంత కష్టపడ్డానో ఆ మనిషి ఇంకా మిగిలి ఉంది. ఏమనాలో మెట్ల మీదే తయారు చేసుకున్నాను. అమ్మా షెర్లిన్, నీ క్లయింటునే పట్టుకున్నాను, ఇక ఫీజు జైలుకెళ్ళి వసూలు చేసుకుంటావా? బాగుందనిపించింది. నంబరు నొక్కాను. ఆవిడ అసలు నంబరు నాకు కంఠతా వచ్చు.

చాలాసేపు మోగి తీసింది.

"సార్..."

రాంగ్ నంబరేమో అనుకున్నాను. ఆ గొంతు షెర్లిన్‌ది కాదు. బొంగురుగా, కింద ఎక్కడో గరగరమంటూ ఉంది.

"షెర్లిన్?"

"అడిగాను సార్... మీరన్నట్టే. క్లాసుకి వచ్చారా అని కూడా అడిగాను. వచ్చానన్నారు... ఏం దాచలేదు. మంచాయనే." ఆగి ఊపిరి తీసుకుంది. "దగ్గొస్తుంటే ఆయనే కషాయం పోసిచ్చారు... మిరియాలు ఎక్కువ... నాలుకెందుకో..."

"ఎక్కడున్నావు నువ్వు?"

"కార్లో... జనం... ఎల్లమ్మ జాతర జనం... కదలట్లేదు..."

మాట వెనక డప్పులు మోగుతున్నాయి. ఆస్పత్రి పంజాగుట్టలో ఉంది. ఎల్లమ్మ గుడి బల్కంపేటలో, పూర్తిగా ఎదురు దిక్కున. కానిస్టేబుల్ ఆస్పత్రి గేటు దగ్గర నిలబడి ఉంటాడు. ఆ కారు అసలు ఆస్పత్రికే పోవడం లేదు.

"షెర్లిన్, తలుపు తీసుకుని దిగు. జనంలోకి దిగిపో. వింటున్నావా?"

ఏదో అనబోయింది. ముద్దగా ఒక చప్పుడు తప్ప మాట రాలేదు. ఫోన్ చేతులు మారిన అలికిడి వినిపించింది.

"బుల్లబ్బాయి గారా అండి?" అన్నాడు కేదార్, అడ్మిషన్ కోసం వచ్చినవాళ్ళతో మాట్లాడినంత మర్యాదగా. "షెర్లిన్ గారికి గొంతు పట్టేసిందండి. మాట్లాడలేకపోతున్నారు. ఏమైనా చెప్పమంటారా?"

ఫోన్ ఆగిపోయింది. మళ్ళీ చేస్తే స్విచాఫ్.

ఎస్సై నంబరు నొక్కుతూనే మెట్లు దిగాను. బల్కంపేట వైపు ఆటోలు పోవడం లేదు, జనం మాత్రం పోతున్నారు. వాళ్ళని తోసుకుంటూ, డప్పులు వినిపించే దిక్కుకి పరిగెత్తాను. నా వయసులో ఎంత వేగంగా పోవచ్చో అంతకంటే వేగంగా పోయాను. మోకాళ్ళు ఏమాత్రం నొప్పి పెట్టలేదు. ఇందాక ఆ బల్ల మీంచి లేచినా నొప్పి పెట్టి ఉండేవి కావు.